సొట్ట

పగలంతా ఆటోనగర్ సుత్తి దెబ్బలు.
రాత్రి పదకొండు దాటితే గానీ
నా గదిలో మైకు నోరు తెరవదు.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు,
కింద లారీ స్ప్రింగుల కొట్టు,
ఏసీ వేస్తే రికార్డింగులో హోరు పడుతుందని
చెమటలోనే సంగీతం.

భక్తి పాటలూ, ఎన్నికల పాటలూ, చీరల కొట్టు ప్రకటనలూ
ఉతికి ఆరేసే ఈ చోటికి
ముగ్గురు పిల్లలొచ్చారు, తొమ్మిది పాటలు పట్టుకుని.
ఏం సంగీతమమ్మా ఇది అంటే
"ఎమో" అంది సువార్త.
తెలీనిది ఎందుకు పాడుతున్నారన్నాను.
నవ్వింది.
"ఏమో కాదన్నా, ఎమో. దీర్ఘం లేదు."

ఆ దీర్ఘమంతా గొంతులో దాచుకుందని
తర్వాత తెలిసింది.

గిటారు బుడమేరు నీళ్ళలో మూడు రోజులు నానింది.
కర్ర ఉబ్బి, మెడ వంగి,
ఆరో తీగ ఎంత బిగించినా
పాట సగానికొచ్చేసరికి నూలుపోగంత కిందకి జారుతుంది.
వేరేది అద్దెకు తెప్పిస్తానన్నాను.
వద్దన్నారు, ముగ్గురూ ఒకేసారి.
లోహిత్ వాయిస్తాడు గానీ అది లోహిత్‌ది కాదు.
ఎవరిదని నేనడగలేదు.

ఐదో పాటలో
వరద దిగాక గోడ మీద మిగిలిన గీత వస్తుంది.
"గీత" అనే మాట దగ్గర ఆమె గొంతు చిరిగింది.
పద్నాలుగు సార్లు పాడించాను.
పద్నాలుగు సార్లూ అక్కడే.

తర్వాత రెండు వారాలు నా పని నేను చేశాను.
స్వరం స్వరం పట్టుకుని గీత మీద నిలబెట్టాను.
ఊపిరి పీల్చిన చోట్లన్నీ కోసేశాను.
ఆరో తీగని పైకి లాగాను.
విన్నాను. అద్దంలా ఉంది.
అద్దంలో లాగే
నా మొహం తప్ప లోపల ఎవరూ లేరు.

మస్తాన్‌వలికి మాత్రం అదే నచ్చింది.
పెళ్ళి బ్యాండు ఇంట్లో పుట్టినవాడు.
మూడేళ్ళు ఖాళీ రంగు డబ్బాల మీద కొట్టి కొట్టి
వెంట్రుకవాసి తేడా రాకుండా చేసుకున్న చేతులు.
"తాళం తప్పి ఏడిస్తే ఏడుపే అవుద్దన్నా,
తప్పకుండా ఏడిస్తేనే పాట."
నాకు జవాబు తోచలేదు.
శ్రుతి తప్పిన ప్రతివాడికీ గుండె ఉంటుందని ఎవరన్నారు?
ఉత్త బద్ధకాన్ని బాధ పేరుతో అమ్మినవాళ్ళని
ఈ గదిలోనే చూశాను.

మా నాన్న ఈ వీధిలోనే డెంటింగ్ మేస్త్రి.
నందిగామ దగ్గర బోల్తా పడిన లారీ ఒకటి వచ్చింది.
ఓనరు చుట్టూ తిరిగి చూసి
క్లీనరు వైపు తలుపు మీద
అరచేతంత సొట్ట ముట్టుకుని
"ఇది ఉండనియ్ గురవయ్యా" అన్నాడు.
నాన్న ఎందుకని అడగలేదు.
బండంతా సాపు చేశాడు.
ఆ సొట్ట దగ్గర సుత్తి కింద పెట్టి
గరుకు కాగితం తడిపి రెండు గంటలు రుద్దాడు,
పొర మీద పొర రంగేశాడు,
మైనం పూసి మెత్తటి గుడ్డతో తుడిచాడు.
ఎండలోకి తీస్తే
బండి మొత్తం మీద అదే ఎక్కువ మెరిసింది.
అప్పుడు నాకు పదేళ్ళు.
మేస్త్రికి పిచ్చి పట్టిందనుకున్నాను.

నిన్న రాత్రి ఐదో పాట మళ్ళీ మొదట్నుంచి తెరిచాను.
మస్తాన్ దెబ్బల్ని ముట్టుకోలేదు, అవసరం లేదు.
ఆరో తీగని జారనిచ్చాను.
కోసి పారేసిన ఊపిరిని వెతికి తెచ్చి
దాని చోట దాన్ని కూర్చోబెట్టాను.
చుట్టూ ఉన్న మోతని కాస్త వంచి,
గొంతు చిరిగిన అంచు పోగు పోగూ వినపడేదాకా
తుడుస్తూ కూర్చున్నాను.
కింద మొదటి సుత్తి మోగింది.
ఫైలుకి "ఆఖరిది" అని పేరు పెట్టాను.
దాని పక్కన ఇంకో నాలుగు ఆఖరివి ఉన్నాయి.

సువార్త వచ్చి విన్నది.
పాట అయిపోయాక కూడా
చెవుల మీంచి హెడ్‌ఫోన్స్ తీయలేదు.
బాగుందా అన్నాను.
"ఏమో" అంది.

ఈసారి దీర్ఘం ఉంది.